ముస్లిం పర్సనల్ లా, రాజ్యాంగం: ఈ టాపిక్ ఎలా చదవాలి, మార్కులు ఎక్కడ పోతాయి

సివిల్స్ మెయిన్స్‌కో, సివిల్ జడ్జి పరీక్షకో చదువుతున్న మిత్రులకు.

ప్రజాస్వామ్య రాజ్యాంగాల్లో ఇస్లామిక్ చట్టం స్థానం ఏమిటని అడగగానే చాలామంది తిన్నగా 44వ అధికరణ దగ్గరికి వెళ్లి, ఉమ్మడి పౌరస్మృతి కావాలా వద్దా అని రెండు పేజీలు నింపేస్తారు. అక్కడే మార్కులు పోతాయి. ముందు తేల్చాల్సింది షరియత్ (ఇస్లామిక్ చట్టం) ఆ దేశపు న్యాయవ్యవస్థలోకి ఏ దారిన వచ్చిందన్నది. రాజ్యాంగంలోనే రాసి ఉందా, మామూలు శాసనం తెచ్చిందా, ఆచారంగా కొనసాగుతోందా? ప్రాథమిక హక్కుల ముందు దాన్ని నిలబెట్టి ప్రశ్నించవచ్చా లేదా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది.

మన దేశంలో దారి 1937 నాటి షరియత్ అప్లికేషన్ చట్టం. అరగంటలో అయిపోయేంత చిన్న చట్టం. గైడ్ ముట్టుకోకముందే దాని మూలపాఠం చదవండి. సెక్షన్ 2లో వివాహం, తలాక్ (భర్త ఇచ్చే విడాకులు), ఖులా (భార్య కోరే విడాకులు), మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ము), భరణం, సంరక్షకత్వం, వారసత్వం, వక్ఫ్ వంటి విషయాల జాబితా ఉంటుంది. పక్షాలు ముస్లింలైతే, ఎలాంటి ఆచారం అడ్డున్నా, వీటిలో షరియతే వర్తిస్తుందని ఆ సెక్షన్ చెబుతుంది. షరియత్‌లో ఏముందో మాత్రం చెప్పదు. తర్వాతి గొడవలకు మూలం ఇదే. వ్యవసాయ భూమిని ఆ సెక్షన్ మినహాయించింది. 1949లో మద్రాసు శాసనసభ సవరణతో మద్రాసు వరకు ఆ మినహాయింపు పోయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి మనవాళ్లు ఇది తెలిసి ఉండాలి.

ఆ వెంటనే 13వ అధికరణ. 13(1) ప్రకారం రాజ్యాంగం అమల్లోకి వచ్చేనాటికి ఉన్న చట్టాలు ప్రాథమిక హక్కులకు ఎంతవరకు విరుద్ధమో అంతవరకు చెల్లవు. మరి పర్సనల్ లా, అంటే పెళ్లి, విడాకులు, వారసత్వం వంటివాటిలో ఆయా మతస్థులకు వర్తించే చట్టం, ఆ చట్టాల్లో భాగమా? కాదని 1951లో బొంబాయి హైకోర్టు నరసు అప్ప మాలి కేసులో చెప్పింది. అది ముస్లిం కేసు అనుకుని రాసేవాళ్లున్నారు. నిజానికి అక్కడ వివాదం హిందువుల ద్విభార్యాత్వ నిషేధ చట్టం గురించి. 2018 శబరిమల తీర్పులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఆ తర్కాన్ని తప్పుబట్టారు. అంతమాత్రాన నరసు తీర్పు రద్దయిందని రాయకూడదు.

ఎక్కువ సమయం పెట్టాల్సింది ట్రిపుల్ తలాక్ (ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పడం) మీద సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న ఇచ్చిన షాయరా బానో తీర్పు మీద. "3:2 మెజారిటీతో ట్రిపుల్ తలాక్ రాజ్యాంగ విరుద్ధం" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే సగం విషయం పోయినట్టే. కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి దాంట్లో జస్టిస్ నారిమన్, జస్టిస్ లలిత్: 1937 చట్టం ట్రిపుల్ తలాక్‌ను గుర్తించి అమలు చేస్తోంది, కాబట్టి అది 13(1) కిందకు వస్తుంది, స్పష్టమైన నిరంకుశత్వం ఉంది గనుక సమానత్వ హక్కు ఇచ్చే 14వ అధికరణ ముందు నిలవదు. రెండో గడిలో జస్టిస్ కురియన్ జోసెఫ్: 1937 చట్టం తలాక్‌ను నియంత్రించే శాసనం కాదు, అయితే ఖురాన్‌కు విరుద్ధమైనది షరియత్ కానే కాదు, కాబట్టి చెల్లదు. మూడో గడిలో ప్రధాన న్యాయమూర్తి ఖేహర్, 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్ అయిన జస్టిస్ అబ్దుల్ నజీర్: ఇది పర్సనల్ లా, మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణ రక్షణ ఉంది, మార్చాల్సింది పార్లమెంటు. ఇప్పుడు గడులను అడ్డంగా చదవండి. ట్రిపుల్ తలాక్ చెల్లదన్నవాళ్లు ముగ్గురు. 1937 చట్టం తలాక్‌ను నియంత్రించే శాసనం కాదన్నవాళ్లూ ముగ్గురే, కానీ అది వేరే ముగ్గురి కూర్పు, రెండింట్లోనూ ఉన్నది జస్టిస్ కురియన్ జోసెఫ్ ఒక్కరే. ప్రాథమిక హక్కుల ఆధారంగా కొట్టేసింది ఇద్దరే. ఈ తేడా రాస్తే దిద్దేవాళ్లకు మీరు తీర్పు చదివారని తెలుస్తుంది.

ట్రిపుల్ తలాక్‌పై పార్లమెంటు తెచ్చిన 2019 చట్టం గురించి రాసేటప్పుడు "తలాక్ నిషేధం" అనకండి. అది వర్తించేది వెంటనే అమలయ్యే, వెనక్కి తీసుకోలేని తలాక్‌కే. సెక్షన్ 3 దాన్ని చెల్లనిదిగా చేసింది, సెక్షన్ 4 మూడేళ్ల వరకు జైలు విధించింది. గడువు ఇచ్చి, ఆలోపు వెనక్కి తీసుకోవడానికి వీలున్న అహ్‌సన్, హసన్ తలాక్ పద్ధతులు దీని కిందకు రావు.

భరణం విషయం ఒక వరుసగా గుర్తుంటుంది. 1985 షా బానో (విడాకులు పొందిన ముస్లిం మహిళకూ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 కింద భరణం వస్తుందన్న సుప్రీంకోర్టు తీర్పు), ఆ తర్వాత వచ్చిన విడాకులు పొందిన ముస్లిం మహిళల హక్కుల 1986 చట్టం, 2001 డేనియల్ లతీఫీ, 2024 జూలై 10న మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం. లతీఫీలో 1986 చట్టాన్ని కొట్టేశారని రాయడం తరచూ కనిపించే తప్పు. కోర్టు దాన్ని నిలబెట్టింది. ఇద్దత్ (విడాకుల తర్వాత భార్య ఆగాల్సిన గడువు) ముగిసేలోపు భర్త చేయాల్సిన న్యాయమైన ఏర్పాటు ఆమె భవిష్యత్తు మొత్తానికీ సరిపోవాలని అర్థం చెప్పింది. తెలంగాణ కేసులో 1986 చట్టం ఉన్నా విడాకులు పొందిన ముస్లిం మహిళ సెక్షన్ 125 కింద కూడా భరణం కోరవచ్చని తేలింది. ఇప్పుడు ఆ సెక్షన్, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 144.

విదేశాల్లో మూడు చాలు. ఈజిప్టు 1971 రాజ్యాంగంలో షరియత్ సూత్రాలు శాసనానికి "ఒక" ప్రధాన ఆధారం. 1980 సవరణతో అవే ఏకైక ప్రధాన ఆధారమయ్యాయి. సవరణ తర్వాత వచ్చిన చట్టాలకే ఇది వర్తిస్తుందని 1985లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం గీత గీసింది. పాకిస్తాన్‌లో చట్టాలు ఇస్లాంకు విరుద్ధంగా ఉండకూడదనే 227వ అధికరణతో పాటు, చట్టాలను పరీక్షించే ఫెడరల్ షరియత్ కోర్టు ఉంది. ఇండోనేషియా 1945 ఆగస్టు 18న షరియత్ పాటించాలన్న మాటలను రాజ్యాంగ పీఠికలోంచి తీసేసింది. ఈ మూడింటి పక్కన పెడితే, షరియత్‌ను రాజ్యాంగంలో కాకుండా శాసనంలో పెట్టుకున్న మన పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది.

సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ (జీఎస్)లో 15 మార్కుల ప్రశ్నకు 250 పదాలు, దాదాపు 11 నిమిషాలు. విదేశాలకు 50 పదాలు దాటనివ్వకండి. 1937 చట్టం, 13వ అధికరణ, షాయరా బానోలకు 120 దాకా ఇవ్వండి. 44వ అధికరణ చివర్లో రెండు వాక్యాల్లో రావాలి, అది ఆదేశిక సూత్రమని, 37వ అధికరణ వల్ల కోర్టు ద్వారా అమలు చేయించలేమని గుర్తుచేస్తూ.

తాజా అంశాల్లో 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులాపై ఇచ్చిన తీర్పు చేర్చుకోండి. భార్య కోరే ఖులాకు భర్త అంగీకారం తప్పనిసరి కాదని అందులో చెప్పారు. హైకోర్టు పేరు స్పష్టంగా రాయండి, సుప్రీంకోర్టు తీర్పుల వరుసలో కలపకండి.