చేతులకి పని చెప్పండి

కెమెరా ఎదురుగా నిలబడగానే ఎవరికైనా తమ చేతులే బరువైపోతాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక బిగించేస్తారు. ఆ బిగువు భుజాలకెక్కి, మెడ మీదుగా దవడకి చేరుతుంది. ఫొటోగ్రాఫర్ అప్పుడు చూసి "కొంచెం నవ్వండి" అంటాడు. పళ్ళు కనిపిస్తాయి, కళ్ళు మాత్రం నవ్వవు.

కాబట్టి మనుషుల ఫొటోలు తీసేవాళ్ళు ముందు చేతుల సంగతి చూడాలి. "పైట సర్దుకోండమ్మా", "వాచీ పట్టీ ఒకసారి బిగించుకోండి", "కండువా మళ్ళీ వేసుకోండి బాబాయ్‌గారూ". పని నడుస్తుండగా కాదు, అది అయిపోయి కళ్ళు పైకి లేచేటప్పుడు క్లిక్ కొట్టాలి. షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదిస్తే వేళ్ళు అలికేసినట్టు వస్తాయి. జేబులో చెయ్యి పెట్టమంటే బొటనవేలు బయట ఉంచమనండి, లేకపోతే చెయ్యి మణికట్టు దగ్గర తెగినట్టుంటుంది.

"కుడికి, కాదు కాదు, మీ కుడికి" అని అరవడం దండగ. మీరే ఎదురుగా అలా నిలబడి చూపించండి, అద్దంలో చూసినట్టు వాళ్ళూ చేసేస్తారు. కుచ్చిళ్ళు సరిగా లేకపోతే మీరు చెయ్యి వెయ్యకండి, పక్కనున్న వదినగారికో అక్కకో చెప్పండి. "గడ్డం దించండి" అంటే రెండో గడ్డం పుట్టుకొస్తుంది. నుదురు కెమెరా వైపు ఒక అంగుళం ముందుకు తెమ్మనండి, ఆ తర్వాత కొద్దిగా దించితే చాలు. వాళ్ళకి తాబేలు మెడ చాచినట్టనిపిస్తుంది. ఆ మాట మీరే ముందు అనేస్తే నిజంగానే నవ్వుతారు.

లెన్సు విషయంలో నా ఓటు 85 ఎం.ఎం.కే. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా మీద నడుము పైభాగానికి రెండు, రెండున్నర మీటర్ల దూరం సరిపోతుంది, మామూలు గొంతుతో మాట్లాడొచ్చు. 35తో దగ్గరికెళ్తే ముక్కు పెద్దదవుతుంది. 135 పెడితే దూరం జరిగి, నది ఒడ్డు గాలిలో కేకలెయ్యాలి, కేకలేస్తే మనిషి మళ్ళీ బిగుసుకుంటాడు.

విజయవాడలో అందరూ అడిగేది కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్, వెనకాల ప్రకాశం బ్యారేజీ. అక్కడే పప్పులో కాలేస్తారు. బ్యారేజీ వెనక రావాలంటే మనిషి మొహం పడమటి ఎండకి తిరుగుతుంది. సాయంత్రం అయిదింటికి కూడా కళ్ళు చికిలించక తప్పదు, అప్పుడు ఏ జోకూ పనిచెయ్యదు. ముందు వాళ్ళని ఎగువ నది వైపు వీపు పెట్టి నిలబెట్టండి. వెలుగు జుట్టు మీద పడుతుంది, మొహం నీడలో హాయిగా ఉంటుంది, ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుగు, ఒక స్టాప్ (రెట్టింపు), ఒకటిన్నర పెంచుకోవాలి. బ్యారేజీ ఫ్రేములు పొద్దు గుంకాక పది నిమిషాలకి తియ్యండి. చెమట తుడవద్దు, టిష్యూతో అద్దాలి. తుడిస్తే పౌడరుతో పాటు కాటుకా పోతుంది.

తరచూ రెప్ప వేసేవాళ్ళుంటారు. కళ్ళు మూసుకుని ఊపిరి వదలమనండి, మూడు లెక్కపెట్టగానే తెరవమనండి. తెరిచిన వెంటనే తీసిన ఫ్రేములో కళ్ళు తేటగా ఉంటాయి.

తీసి, స్క్రీన్ చూసి, మౌనంగా నుదురు చిట్లించారా, అయిపోయింది. తప్పు మీ ఫ్లాష్‌ది, బెంగ వాళ్ళది. "లైటు సరిచేస్తున్నానండీ, మీరు బావున్నారు" అంటూ ఉండండి. పావుగంటకి ఒక మంచి ఫ్రేము చూపించండి, అన్నీ వద్దు.

పెద్దవాళ్ళని కుర్చీ ముందు సగంలో కూర్చోబెట్టాలి, వెనక్కి వాలితే భుజాలు చెవులకి తగుల్తాయి. చేతికర్ర తీసేయకండి. "తాతగారూ, ఈ కర్ర ఎక్కడ చేయించారు?" అని అడగండి. చెప్తుండగా తీస్తే నోరు వంకరగా వస్తుంది. చెప్పడం అయ్యాక ఆయన కర్ర పిడి వైపు ఒకసారి చూసుకుంటారు, వేలు కెమెరా మీదే ఉంచండి.