ఉత్త నీళ్ల సీసాతో ప్రాజెక్టు వైవా: నా అనుభవం

మొన్న నా ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు వైవా అయిపోయింది. మార్కులు ఇంకా రాలేదు. కడుపులో మంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా. కర్నూలులో మా కాలేజీ పేరు రాయను, రాస్తే సర్టిఫికెట్లు చేతికి రావడం కష్టం.

టాపిక్ ఓకే కావడం ఒక్క పూట పని. ‘తుంగభద్ర బురదలో ఏకకణ జీవులు’ అని రాసిస్తే సార్ చదవకుండానే సంతకం పెట్టారు. శాంపిల్ కోసం పొద్దున్నే సంకల్‌బాగ్ పుష్కర ఘాట్‌కు పోయి, మెట్ల పక్కన నీళ్లు కదలని చోట పైపై బురద చెంచాతో గీరి తెచ్చుకున్నా. లోతుగా తవ్వొద్దు, పైన రెండు మూడు మిల్లీమీటర్లు చాలు.

పెట్రీ డిష్‌లో ఆ బురద పలచగా పరిచి, నది నీళ్లే పోసి, ఉడికిన మెతుకు ఒకటి వేశా. ఒకటే వేయాలి. నేను మొదటిసారి నాలుగు వేసి ల్యాబంతా గబ్బు లేపితే, పక్క బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ నన్ను ‘చద్దన్నం’ అనే పిలుస్తారు. మెతుకు మీద బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తినడానికి ఇవి పెరుగుతాయి. బురద మీద పలచటి గాజుబిళ్లలాంటి కవర్‌స్లిప్ వాల్చి రెండు రోజులు వదిలేస్తే పాకే జీవులు దానికి అంటుకుంటాయి. తీసి స్లైడు మీద పెట్టుకోవడమే.

వారం రోజులు నాకు ఏమీ కనబడలేదు. మైక్రోస్కోపు లైటు ఫుల్లుగా పెట్టి చూడడమే నా తప్పు. వెలుతురు తగ్గించే ఐరిస్ డయాఫ్రం మూసి, వెలుతురును ఒకచోటికి చేర్చే కండెన్సర్ కొంచెం కిందికి దించితే అప్పుడు తేలింది, గాజులాంటి చిక్కుడు గింజ. పొడవు నాలుగైదు మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన ఎర్ర రక్తకణమే దాదాపు ఏడు మైక్రాన్లు ఉంటుంది, అంతకంటే చిన్నది. పక్కన మిగతావన్నీ గిరగిరా ఈదుతుంటే ఇది మాత్రం కడుపు గాజుకు ఆనించి మెల్లగా జారుతోంది. జారుతూ తల ఆ పక్కకూ ఈ పక్కకూ ఊపుతోంది, అచ్చం గంగిరెద్దులా. వెనక ఒక కశాభం, అంటే కొరడాలాంటి సన్నటి పోగు, తోకలా ఈడ్చుకుపోతుంది. ముందుది ఎంత సన్నమంటే, ఉందని పుస్తకంలో చదివాకే నాకు కనబడింది. తల పక్కన చిన్న ముక్కులాంటి పొడుపు ఉంది. దాంతో గాజుకు అతుక్కున్న బాక్టీరియాను, బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఒక్కొక్కటే ఏరుకుంటుంది.

మొదట నేను దీన్ని బోడో అనే ఇంకో ఏకకణ జీవి అనుకుని నోట్స్‌లో రాసేశా. ‘బోడో’ అనగానే క్లాసంతా నవ్విందనుకోండి. కానీ బోడో ఇలా తల ఊపుకుంటూ జారదు. మూడు రాత్రులు పాత బొమ్మలన్నీ పోల్చి చూశాక అంకైరోమోనాస్ దగ్గర ఆగా. 1880లో సావిల్ కెంట్ అనే ఇంగ్లీషాయన పెట్టిన పేరు. ఇది మొక్క కాదు, జంతువు కాదు, బూజు కాదు. కేంద్రకమున్న జీవులన్నిటి వంశవృక్షానికి మొదలెక్కడో వెతికేవాళ్లు దీన్ని పక్కన పెట్టలేరు. అలాంటిది మన తుంగభద్ర మెట్ల పక్కన దొరికిందని నేను రెండు రోజులు నేల మీద నడవలేదు. గొప్ప అనుకున్నా సరే, మా బ్యాచ్‌లో నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు సరిగ్గా తుడిచి పెట్టేది నేనొక్కదాన్నే.

ఇక అసలు కథ సీసాది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక రూలు ఉంది. ప్రాజెక్టులో ఏ జీవి మీద పనిచేస్తే ఆ జీవిని ఫార్మలిన్‌లో వేసి, లేబుల్ అంటించి, సీసా అప్పజెప్పాలి. అది లేకపోతే థీసిస్ తీసుకోరు. చేపల వాళ్లకు, నత్తల వాళ్లకు బాగానే ఉంటుంది. నాది నాలుగు మైక్రాన్ల ప్రాణి. ఫార్మలిన్ పడగానే చస్తుంది, ముడుచుకుపోతుంది, కశాభాలు ఉంటాయో ఊడతాయో చెప్పలేం. పైగా దాన్ని గుర్తుపట్టేదే నడకను బట్టి. చచ్చినదానికి నడకెక్కడిది? ఈ ముక్క రాతపూర్వకంగా అర్జీ పెడితే ‘నిబంధన ప్రకారం’ అని ఒక్క మాట రాసి వెనక్కి పంపారు. అర్జీ పెట్టకండి. పెడితే మీ పేరు గుర్తుండిపోతుంది, అంతే లాభం.

సరేనని ఒక సీసాలో కల్చర్ నీళ్లు పోసి, ఫార్మలిన్ కలిపి, నల్ల ఇంకుతో ‘అంకైరోమోనాస్ సిగ్మాయిడిస్’ అని అందంగా లేబుల్ రాసి తీసుకెళ్లా. అటెండర్ అన్న సీసా ఊపి చూసి, “ఏం పాపా, ఇవి ఉత్త నీళ్లే గదా?” అన్నాడు. ఆయన్ను అనడానికేముంది! లోపల ఇంకా పెద్దాయన ఉన్నారు. పదిమంది విద్యార్థులు, ఇద్దరు మేడమ్‌ల ముందు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. “నేను చూస్తున్నానమ్మా, ఏదీ?” అన్నారు. కనబడదు సార్, అన్నా. “కనబడనిదాన్ని సీసాలో పెట్టి నాకెందుకిస్తున్నావు?” అన్నారు. మీరే పెట్టమన్నారు సార్, అందామని నోటిదాకా వచ్చింది. మింగేశా. వెనకనుంచి ఎవరో ‘మినరల్ వాటర్’ అన్నారు. పక్కన నాగుపాము సీసా తెచ్చిన అబ్బాయి కూడా నవ్వాడు, పోయిన నెల వాడి స్లైడ్లన్నీ నేనే ఫోకస్ చేసి పెట్టా! చివరికి పెద్దాయన “కనీసం అడుగున బురదన్నా కనబడాలి” అని వెనక్కిచ్చారు. ఘాట్ బురద ఒక చెంచా వేసి మరుసటి రోజు ఇస్తే సంతకం పడింది. ఆ బురదలో ఏముందో ఎవరూ అడగలేదు.

మీరు ఇలాంటి పని పెట్టుకుంటే వీడియో తీసి పెట్టుకోండి. ఫోను కెమెరాను ఐపీస్‌కు ఆనించి, చెయ్యి వణక్కుండా కింద రెండు రికార్డు పుస్తకాలు పెడితే చాలు. నా దగ్గర నలభై సెకన్ల ముక్క ఉంది, నన్ను కాపాడింది అదే.

వైవాకు బయటి ఊరి నుంచి వచ్చిన సార్ ఆ వీడియో రెండుసార్లు చూశారు. నవ్వలేదు. “నదిలోది గదా, సముద్రపు రకమైన సిగ్మాయిడిస్ అని ఏ ధైర్యంతో రాశావు?” అని అడిగారు. నాకు చెమటలు పట్టాయి. ఈ గుంపు జీవులకు 2008లో ప్లానోమోనాస్ అని కొత్త పేరు పెట్టడం, అది అంకైరోమోనాసే అని 2010లో తేల్చడం చదివా. 2013లో మంచినీటి రకాలు కొన్నింటిని నూటోమోనాస్ కింద పెట్టారన్నది మాత్రం నేను చదవలేదు. లాటిన్‌లో నూటో అంటే తల ఊపడమని ఆయనే చెప్పారు. మామూలు మైక్రోస్కోపుతో, డీఎన్‌ఏ చూడకుండా, ఇది ఏదో తేల్చలేవని చెప్పి, లేబుల్ మీద నా అందమైన రాతను పెన్నుతో కొట్టేసి ‘అంకైరోమోనాడ్’ అని గుంపు పేరు మాత్రం రాశారు. కోపం రాలేదు. ఇన్ని నెలల్లో నా ప్రాణి మీద తప్పు పట్టేంత శ్రద్ధ చూపింది ఆయనొక్కరే. ఆయన భోజనానికి మా దగ్గర తలా ఇంత వసూలు చేసిన విషయం మాత్రం ఆయనకు తెలిసి ఉండదు.

థీసిస్ బైండింగ్ గురించి ఒకటే మాట, చివరి వారం దాకా ఆగకండి. రేటు డబుల్.

నిన్న నో డ్యూస్ సంతకాలకు వెళ్తే సీసా అటెండర్ అన్న బల్ల మీదే ఉంది, ఇంకా మ్యూజియం బీరువాకు ఎక్కలేదు. నీళ్లు తగ్గినట్టున్నాయని పైన కుళాయి నీళ్లు కొంచెం పోశాడంట.