కొలంబో నుంచి ట్రింకోమలీ దాకా: రేవు ఎవరిది, సరుకు ఎవరిది

కొలంబో రేవును చూడాలంటే రేవు దాకా వెళ్లక్కర్లేదు, లోటస్ టవర్ ఎక్కితే చాలు. 350 మీటర్ల ఈ టవర్‌ను చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో కట్టారు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అదే ఏడాది సెప్టెంబరులో దీన్ని జనానికి తెరిచారు. టికెట్టు కొని పైకెళ్లాను. గాలి విపరీతం. పడమరవైపు సముద్రాన్ని పూడ్చి తీసిన 269 హెక్టార్ల పోర్ట్ సిటీ. అదీ చైనా కంపెనీ పనే. దాని పక్కన అడ్డుగోడ లోపల వరసగా క్రేన్లు.

నేను వచ్చింది ఆ క్రేన్ల కోసమే. దక్షిణ రేవులో 2013 నుంచి నడుస్తున్న టెర్మినల్‌లో 85 శాతం వాటా చైనా ప్రభుత్వ కంపెనీ చైనా మర్చంట్స్‌ది. అదే రేవులో 2025 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టిన వెస్ట్ టెర్మినల్‌లో అదానీది 51 శాతం, స్థానిక కంపెనీ జాన్ కీల్స్‌ది 34. రెండింట్లోనూ మిగిలిన 15 శాతం శ్రీలంక ఓడరేవుల సంస్థది. భూగోళ రాజకీయం మీద ఎన్ని వ్యాసాలు చదివినా ఇంత విడమరిచి కనపడలేదు నాకు.

అలాగని నీళ్లలో గీత గీసి ఇటు చైనా, అటు ఇండియా అనుకుంటే అసలు సంగతి జారిపోతుంది. కొలంబోలో ఒక ఓడలోంచి దించి ఇంకో ఓడలోకి ఎక్కించే సరుకులో దాదాపు 70 శాతం మన దేశానికి వచ్చేదో, మన దేశం నుంచి పోయేదో. పెద్ద ఓడలు ఆగేంత లోతు మన రేవుల్లో చాలాకాలం లేకపోవడమే కారణం. అంటే చైనా వాళ్ల టెర్మినల్‌కు కూడు పెడుతున్నది చాలావరకు మన కంటైనర్లే. 2014లో చైనా జలాంతర్గామి వచ్చి ఆగిందీ ఆ టెర్మినల్‌లోనే. ఢిల్లీ అప్పుడు ఉలిక్కిపడింది. సరుకు మాత్రం ఆగలేదు.

ఉలికిపాటు తర్వాత నడిచిన కథ ఇంకా ఆసక్తికరం. ఈస్ట్ టెర్మినల్‌ను జపాన్, ఇండియాలతో కలిసి కడతామని 2019లో శ్రీలంక ఒప్పుకుంది. రేవు కార్మిక సంఘాలు అడ్డం తిరిగితే 2021 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గింది. దానికి బదులుగా దక్కిందే ఈ వెస్ట్ టెర్మినల్. 2023 నవంబరులో దీనికి 55 కోట్ల 30 లక్షల డాలర్ల అప్పు ఇస్తామని అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంస్థ ప్రకటించింది. ఏడాది తర్వాత ఆ డబ్బు అక్కర్లేదని అదానీ సంస్థే తప్పుకుంది, అది వేరే కథ. ఒక భారతీయ కంపెనీ శ్రీలంకలో రేవు కడుతుంటే అమెరికా డబ్బుతో ముందుకొచ్చిందన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. తూర్పు తీరపు రేవు ట్రింకోమలీకి వెళ్లినప్పుడు పనికొస్తుంది.

కొలంబో నేషనల్ మ్యూజియంలో ఒక రాయి ఉంది. చైనా నౌకాధిపతి జెంగ్ హె తెచ్చి నిలబెట్టించిన శాసనం, 1409 నాటిది. 1911లో గాల్ పట్టణంలో మురుగు కాలువ మీద మూతగా పడి ఉంటే ఒక ఇంజినీరు గుర్తుపట్టాడు. చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో విష్ణువుకు, పారశీకంలో అల్లాకు కానుకలు. ముగ్గురికీ కానుకలు దాదాపు సమానం: బంగారం, వెండి. ఎవరినీ నొప్పించని దౌత్యం అని మెచ్చుకుంటుండగానే మిగతా కథ గుర్తొచ్చింది. 1411 నాటికల్లా ఇదే జెంగ్ హె స్థానిక పాలకుడు అళకేశ్వరుణ్ణి ఓడించి బందీగా అప్పటి చైనా రాజధాని నాన్‌జింగ్‌కు తీసుకుపోయాడు. రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను. బడిపిల్లల గుంపు వచ్చి పక్కకు నెట్టేసింది.

దక్షిణానికి ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సులో వెళ్లాను. మాతర దాటాక హంబన్‌టొట వైపు సాగే భాగం కూడా చైనా అప్పుతోనే వేసింది. రోడ్డు అద్దంలా ఉంది, బళ్లు తక్కువ. హంబన్‌టొటలో ఉప్పు మడులు, ఎండ, గేటు అవతల రేవు. దీని గురించి లోకమంతా ఒకే కథ చెప్పుకుంటుంది: అప్పిచ్చారు, కట్టలేకపోయారు, రేవు లాక్కున్నారు. నేనూ అదే నమ్మి వచ్చినవాణ్ణి. లెక్కలు వేరుగా ఉన్నాయి. 2017లో 112 కోట్ల డాలర్లకు 99 ఏళ్ల లీజుకిచ్చిన మాట నిజం. కానీ ఆ డబ్బుతో రేవు అప్పు తీర్చలేదు. అది విదేశీ మారక నిల్వల్లోకి పోయింది, అప్పు ప్రభుత్వం నెత్తిమీదే ఉండిపోయింది. అప్పట్లో దేశాన్ని ఎక్కువగా పిండుతున్నది అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లు.

అందువల్ల భయపడాల్సింది ఏమీ లేదని కాదు. 2022 ఆగస్టు 16న ఇక్కడికే యువాన్ వాంగ్-5 వచ్చింది. ఉపగ్రహాలనూ క్షిపణులనూ కనిపెట్టే ఓడ. వద్దని ఢిల్లీ పట్టుబట్టింది, కొలంబో ముందు వాయిదా వేయమంది, చివరికి రానిచ్చింది. సరిగ్గా ముందురోజే, ఆగస్టు 15న, భారత నౌకాదళం శ్రీలంకకు ఒక డోర్నియర్ నిఘా విమానాన్ని అప్పగించింది. దివాళా తీసిన దేశం ఒకరి విమానాన్నీ ఇంకొకరి ఓడనూ వెంటవెంటనే ఆహ్వానించింది! ఆ ఏడాదే ఇండియా ఇచ్చిన సాయం సుమారు 400 కోట్ల డాలర్లు. ఎదుగుతున్న చైనా పక్కన నిలబడితే పాత పొరుగువాడి చెయ్యి కూడా ధారాళమవుతుందని కొలంబోకు బాగా తెలుసు.

చైనా అప్పుతోనే కట్టిన మత్తల విమానాశ్రయాన్ని దారిలో చూసేసి (చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, నెమళ్లు తప్ప) ఉత్తరానికి బయల్దేరాను.

ట్రింకోమలీలో చైనా అంతగా కనపడదు. అయినా నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. బ్రిటిష్ వాళ్లు కట్టిన భారీ చమురు ట్యాంకులు అడవిలో 99 మిగిలాయి. కొన్నింటిని చెట్లు కమ్మేశాయి. అప్పట్లో ఎదుగుతున్న శక్తి జపాన్. 1942 ఏప్రిల్ 9న దాని విమానాలు ఈ రేవు మీద బాంబులు కురిపించాయి. 1987లో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే మార్చుకున్న ఉత్తరాల్లో ఈ ట్యాంకుల ప్రస్తావన ఉంది. భారత ప్రయోజనాలకు హాని కలిగేలా ఏ దేశం సైన్యానికీ ట్రింకోమలీని వాడుకోనివ్వకూడదన్న షరతూ ఉంది. అప్పట్లో ఢిల్లీ అనుమానమంతా అమెరికా మీద. ఇప్పుడు ఆ ఉత్తరాన్ని చదివేవాళ్లకు గుర్తొచ్చేది చైనా. కాగితం అదే, ఒక్క అక్షరం మారలేదు. భయపెట్టిన అమెరికానే తర్వాత కొలంబోలో మన కంపెనీకి అప్పిస్తానంది. చైనా ఎదుగుదల చేసిన పనుల్లో రేవులూ రోడ్లకన్నా నాకు ఇదే పెద్దదనిపిస్తుంది.

ట్యాంకులను కలిసి బాగుచేసుకుంటామని 1987లో రాసుకున్నారు. 61 ట్యాంకుల కోసం ఉమ్మడి కంపెనీ ఒప్పందం కుదిరింది 2022 జనవరిలో. మధ్యలో 34 ఏళ్లు. చైనా పక్కన లేకపోతే ఇంకెన్నేళ్లు పట్టేదో. 2025 ఏప్రిల్‌లో యూఏఈని కూడా కలుపుకుని ఇక్కడ ఇంధన కేంద్రం కడతామన్నారు. దానికి మూడు నెలల ముందే బీజింగ్‌లో హంబన్‌టొట రిఫైనరీకి చైనా చమురు కంపెనీ సినోపెక్‌తో 370 కోట్ల డాలర్ల సంతకం అయింది.

ట్యాంకులకు వెళ్లే దారి మొదట్లో టీ కొట్టు నడిపే పెద్దాయన నా వచ్చీరాని తమిళానికి నవ్వుకుని, "ఇండియన్ ఆయిల్ వాళ్లా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి ఎంబసీనా?" అదీ కాదన్నాను. ఊరికే చూద్దామని వచ్చానంటే టీ గ్లాసు చేతికిచ్చి, "సరేలెండి, చెప్పకూడదేమో" అన్నాడు.