విజయనగరంలో ఫ్లాటు, దోహాలో నేను

"రిజిస్ట్రేషన్ అయిపోయిందిరా, పైడితల్లమ్మ గుడికి వెళ్తున్నాం" అని నిన్న నాన్న ఫోన్ చేశారు. డ్యూటీ బస్సులో పక్కన కునుకు తీస్తున్న మలయాళీ అన్నని లేపి మరీ చెప్పాను.

ఐదు నెలలు పట్టింది. నాన్నకి మొదట నెల్లిమర్ల వైపు పొలం మీద మనసు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికి లేదంటే, "మన ఊళ్లో మనకే అడ్డా?" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఫ్లాటు లోనుకి జీతం సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక్కరోజు పని. తలనొప్పంతా పవరాఫ్ అటార్నీతోనే, అంటే నా బదులు నాన్న సంతకం పెట్టేందుకు ఇచ్చే అధికార పత్రం. ఎంబసీలో అటెస్ట్ చేయించి నాన్న పేరున పంపాను. అందులో ఇల్లు కొనే అధికారం ఉంది గానీ, లోను కాగితాల మీద సంతకం పెట్టే మాట లేదట. మళ్లీ సెలవు, మళ్లీ ఎంబసీ, మళ్లీ కొరియర్. ఇండియా చేరాక 3 నెలల్లోగా దానికి స్టాంపు డ్యూటీ కట్టాలన్న సంగతి బ్యాంకులో ఎవరూ చెప్పలేదు. మావయ్యకి తెలుసు కాబట్టి గండం గడిచింది.

40 లక్షల ఫ్లాటుకి లోను 32 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షలు, అది లోనులో కలవదు. చీటీ పాడి సర్దాను. (నా లెక్కల్లో ఇది లేనే లేదు, తప్పు నాదే.)

వచ్చే నెల 5న ఎన్ఆర్ఈ ఖాతా (ఎన్నారైలు విదేశీ సంపాదన దాచుకునే బ్యాంకు ఖాతా) లోంచి మొదటి ఈఎంఐ. అమ్మేమో పొయ్యి తూర్పు వైపు రావట్లేదని వీడియో కాల్‌లో ఇంకా గొడవ పెడుతోంది.