అమ్ముడైన సరుకు అప్పుగా మిగిలిన చోట: పొదుపు సంఘంతో ఒప్పందం కుదుర్చుకున్న నా అనుభవం

తక్కువ ఆదాయంతో బతికే కుటుంబాలకు సోలార్ దీపాలు అమ్మే ఒక కంపెనీలో పంపిణీ బాధ్యత నాది. డీలర్లు వెళ్లని పల్లెలకు చేరాలంటే మహిళా పొదుపు సంఘాలే సరైన తోడు అనుకుని మొదటి ఒప్పందం నేనే రాశాను. సభ్యురాలు సంఘంలో అప్పు తీసుకుని మా దగ్గర సరుకు కొంటుంది, మార్జిన్ కలుపుకుని ఇరుగుపొరుగు వారికి అమ్ముతుంది. 2000 దశకం తొలినాళ్లలో నల్గొండ జిల్లాలో హిందుస్థాన్ లీవర్ ‘శక్తి’ పథకాన్ని మొదలుపెట్టింది దాదాపు ఈ పద్ధతిలోనే కాబట్టి, సబ్బులకు పనికొచ్చింది దీపాలకూ పనికొస్తుందని నమ్మాను. కానీ దీపం ఖరీదు ఒక్కసారిగా ఇవ్వగలిగిన ఇల్లు అరుదు. అమ్మే మనిషి వాయిదాల మీద ఇవ్వక తప్పదు, వాయిదా తప్పినా సంఘానికి ఆమె కట్టాల్సిన కిస్తీ ఆగదు.

మూడు నెలలపాటు మా లెక్కల్లో అమ్మకాలు బాగానే కనిపించాయి. ఆ తరువాత ఒక సభ్యురాలు కొత్త సరుకు వద్దనడంతో ఆమె ఇంటికి వెళ్లాను. గోడవారన విప్పని అట్టపెట్టెలున్నాయి. ఆమె చూపించిన నోటు పుస్తకంలో కొన్ని వాయిదాలు పెన్నుతో, కొన్ని పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. పెన్సిల్‌తో రాసినవి, కొన్నవాళ్లు కట్టలేకపోతే ఆమె తన కూలి డబ్బులోంచి కట్టినవి. ఒక పేజీలో పదకొండు వరుసలుంటే ఏడు పెన్సిల్‌వే. “మీ లెక్కలో ఇవన్నీ అమ్ముడైపోయాయండీ, మా లెక్కలో ఇంకా అప్పుగానే ఉన్నాయి” అని పక్కనే ఉన్న సంఘం అధ్యక్షురాలు అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

కొత్త ఒప్పందానికి నాలుగు నెలలు పట్టింది. అమ్ముడయ్యేదాకా సరుకు కంపెనీదిగానే ఉండాలని నేను పట్టుబట్టాను. పెట్టుబడి ఇరుక్కుపోతుందని మా ఫైనాన్స్ విభాగం అభ్యంతరం చెప్పింది. వారి ముందు రెండు ఉదాహరణలు ఉంచాను. బంగ్లాదేశ్‌లో 2006లో ఏర్పడిన గ్రామీణ్ డానోన్ అనే పెరుగు కంపెనీ, పాల ధరలు పెరగడంతో 2008లో పెరుగు కప్పు ధరను 5 టాకాల నుంచి 8 టాకాలకు పెంచినప్పుడు పల్లెల్లో అమ్మకాలు కుప్పకూలాయి, ఇంటింటికీ తిరిగి అమ్మే మహిళలు చాలామంది ఆ పని మానేశారు. మెక్సికోలో సిమెంటు కంపెనీ సెమెక్స్ 1998లో మొదలుపెట్టిన పథకంలో మాత్రం కుటుంబాలు చిన్న బృందాలుగా చేరి వారంవారం డబ్బు కట్టేవి, సిమెంటు విడతలవారీగా వచ్చేది, స్థానిక మహిళలు కమిషన్ మీద ప్రచారం చేసేవారు, సరుకు భారం మోసేవారు కాదు. బకాయి ఎవరి నెత్తిన పడుతుందో ముందే తేల్చుకోని భాగస్వామ్యం పేదవారి పొదుపును కరిగించేస్తుందని నా గట్టి అభిప్రాయం.

చివరికి వసూలైన ప్రతి వాయిదా మీద కమిషన్ ఇవ్వడానికి, రాని బాకీని కంపెనీయే భరించడానికి యాజమాన్యం ఒప్పుకుంది. పాత అట్టపెట్టెలను పూర్తి ధరకు వెనక్కు తీసుకున్నాం, పెన్సిల్ వరుసల డబ్బు తిరిగి చెల్లించాం. సంతకాల రోజున అధ్యక్షురాలు ఇంకొక షరతు చేర్చమన్నారు: ఏడాదిలోగా బ్యాటరీ పాడైతే దీపాన్ని కంపెనీ మనిషే ఊరికి వచ్చి తీసుకెళ్లాలి, సభ్యురాలు బస్సు ఖర్చులు పెట్టుకుని మోసుకురాకూడదు. ఆ వాక్యాన్ని ఒప్పందం అంచున చేత్తోనే రాసి, దాని కింద ఇద్దరం మళ్లీ సంతకాలు చేశాం.