సరస్సు చుట్టూ గ్రావెల్ బైక్ దారి: ఒక చుట్టును సిద్ధం చేసుకున్న నా అనుభవం

సరస్సు చుట్టూ సైకిల్ మీద తిరిగి రావాలనుకునేవారికి పటం చూడగానే దారి దొరికిపోయినట్టే అనిపిస్తుంది. నీలిరంగు అంచు వెంబడి ఒక గీత గీస్తే చాలు, బయలుదేరిన చోటికే వచ్చి చేరవచ్చుననిపిస్తుంది. నేల మీద మాత్రం అలాంటి గీత ఉండదు. కొంత తారు రోడ్డు, కొంత కంకర పరిచిన అటవీ బాట, కొంత ట్రాక్టర్ చక్రాల జాడ, కొంత కాలిబాట, నడుమ దారే లేని బురద నేల ఉంటాయి. ఈ ముక్కలను ఒకదానితో ఒకటి కలిపి, గ్రావెల్ బైక్ (కంకర, మట్టి బాటలకు తగిన వెడల్పు టైర్ల సైకిల్) మీద ఒక్క పగటిలో పూర్తి చేయగల చుట్టుగా మలచుకోవడానికి నేను చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. నీటిని ఎక్కడ అంటిపెట్టుకుని వెళ్లాలి, ఎక్కడ వదిలి పక్కకు తిరగాలి అన్న నిర్ణయంలోనే ఆ చుట్టు బాగోగులన్నీ ఉన్నాయని నాకు గట్టిగా అనిపించింది.

మొదటి పని పటం మీద జరిగింది. ఎవరైనా సమాచారం చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది. సైకిల్ దారులు చూపే యాప్‌లు చాలావరకు నేడు దాని మీదే ఆధారపడుతున్నాయి. అందులో ఒక్కో దారికి పైపొర ఏమిటో రాసే వీలుంది: తారు, గట్టిపరచిన మట్టి, సన్న కంకర, ముతక కంకర, ఇసుక, గడ్డి. పొలాల్లో, అడవుల్లో ఉండే బండి బాటలకు గట్టిదనాన్ని బట్టి 1 నుంచి 5 వరకు శ్రేణులు కూడా ఉన్నాయి. 1 అంటే దాదాపు రోడ్డంత గట్టి బాట, 5 అంటే పక్కనున్న నేలకూ బాటకూ తేడా తెలియనంత మెత్తని జాడ. యాప్ తనంతట తాను గీసి ఇచ్చిన దారిని నేను ఉన్నదున్నట్టుగా తీసుకోలేదు. వివరం లేని ముక్క దగ్గర అది ఏదో ఒక అంచనా వేసుకుని ముందుకు పోతుంది, ఆ సంగతి మనకు కనబడదు. అందుకని ప్రతి ముక్కనూ విడిగా తెరిచి చూసి, వివరం ఉన్నవాటిని ఒక రంగుతో, లేనివాటిని మరో రంగుతో గుర్తుపెట్టుకున్నాను. సైకిళ్లకు అనుమతి లేదనీ, సొంత ఆస్తి అనీ రాసి ఉన్న ముక్కలను అప్పుడే తీసేశాను.

వివరం లేని ముక్కల కోసం ఉపగ్రహ చిత్రాలను ఆశ్రయించాను. పటాల యాప్‌లలో కనిపించే స్పష్టమైన చిత్రంలో కంకర బాట తెల్లగా, తడి మట్టి బాట ముదురుగా కనిపిస్తుంది కాబట్టి చాలా సందేహాలు అక్కడే తీరుతాయి. అయితే ఆ చిత్రం ఏ కాలంలో తీసినదో అన్నది సరస్సు విషయంలో చాలా ముఖ్యం. నీరు వెనక్కి తగ్గిన నెలల్లో బయటపడిన అడుగు నేల మీద వాహనాలు తిరిగిన జాడలు చక్కని బాటల్లా కనిపిస్తాయి, నీరు పెరిగాక అవి మునిగిపోతాయి. దీన్ని తేల్చుకోవడానికి ఐరోపా కోపర్నికస్ కార్యక్రమంలోని సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు నాకెంతో ఉపయోగపడ్డాయి. 2015 నుంచి వస్తున్న ఆ చిత్రాలు ఉచితంగా, తేదీలతో సహా దొరుకుతాయి. వాటిలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్లకు సమానం కనుక సన్నని బాట కనిపించదు, కానీ నీటి అంచు ఏ నెలలో ఎక్కడ ఉందో స్పష్టంగా తెలుస్తుంది. నీరు బాగా నిండిన కాలపు చిత్రాన్నీ, బాగా తగ్గిన కాలపు చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఆ రెండు అంచుల నడుమ పడిన ప్రతి బాటనూ నా చుట్టులోంచి తొలగించాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది వాగులు సరస్సులో కలిసే చోట్లు. పారే నీరు నిలిచిన నీటిని చేరగానే వేగం కోల్పోతుంది. అది మోసుకొచ్చిన సరుకులో బరువైన గులకరాళ్లు ముందుగా, తర్వాత ఇసుక, చివరికి సన్నని ఒండ్రు దిగిపోతాయి. ఇలా ఏర్పడిన మేట పైకి చదునుగా, అందంగా కనిపించినా సైకిల్ చక్రాన్ని మోయదు. ముందు చక్రం దిగబడి హ్యాండిల్ పక్కకు లాగేస్తుంది, కాసేపటికి దిగి నెట్టుకుంటూ నడవవలసి వస్తుంది. పైగా వాగు ముఖద్వారం దగ్గర వంతెన ఉండటం అరుదు, అది ఎగువన గట్లు గట్టిగా, ప్రవాహం ఇరుకుగా ఉన్నచోట ఉంటుంది. కాబట్టి ప్రతి వాగు దగ్గరా నా దారి నీటిని వదిలి, వాగు వెంబడి ఎగువకు పోయి, వంతెన దాటి, ఆవలి గట్టున మళ్లీ దిగివచ్చింది. దీనివల్ల దూరం పెరిగిన మాట నిజమే. అయినా ఈ లోపలి మలుపులే నాకు చుట్టులో అత్యంత ఇష్టమైన భాగాలయ్యాయి. చెట్ల నీడలో గట్టిపడిన బాట, తిరిగి దిగేటప్పుడు ఒక్కసారిగా కనిపించే విశాలమైన నీరు: ఈ రెండూ అంచునే పట్టుకుని వెళ్లేవారికి దక్కవు.

ఎత్తుపల్లాల లెక్కకు వస్తే, యాప్ చూపిన మొత్తం ఎక్కుడును కొంత అనుమానంతోనే చూశాను. అనేక యాప్‌లు వాడే ఎత్తుల సమాచారానికి మూలం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ రాడార్‌తో చేసిన కొలత. అందులో నేలను సుమారు 30 మీటర్ల గడులుగా విభజించి ఒక్కో గడికి ఒక్క ఎత్తు ఇచ్చారు. నిటారు గట్టు కిందుగా నీటి పక్కన సాగే బాట విషయంలో ఒకే గడిలో గట్టు, బాట, నీరు కలిసిపోతాయి. అందువల్ల చదునైన బాట కూడా తెరమీద రంపపు పళ్లలా ఎక్కి దిగుతున్నట్టు కనిపిస్తుంది. అలాంటి చోట ఒకే ఎత్తులోని చోట్లను కలిపే కాంటూర్ గీతలున్న పటాన్ని నమ్మడమే మేలు.

బైక్ విషయంలో నేను మార్చుకున్నది టైర్లు, వాటిలోని గాలి మాత్రమే. 700సీ కొలత చక్రాలకు 40 మిల్లీమీటర్ల వెడల్పున్న ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబ్ లేని) టైర్లు వేసి, లోపల చిన్న రంధ్రాలను మూసే సీలెంట్ ద్రవం పోశాను. సరస్సు ఒడ్డున ముళ్లు, పగిలిన ఆల్చిప్పలు ఉంటాయి కనుక సీలెంట్ లేకుండా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. గాలిని ముందు 32, వెనుక 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) దగ్గర ఉంచాను. నా బరువుకు అది సరిపోయింది, బరువైనవారు కాస్త పెంచుకోవాలి. చల్లని వేకువన కొట్టిన గాలి మధ్యాహ్నానికి అలాగే ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ స్థాయి టైర్లో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పైగా పెరుగుతుంది. కంకర మీద ఆ తేడా చేతులకు తెలుస్తుంది. ముందు పెడళ్ల దగ్గర 40 పళ్ల చెయిన్‌రింగ్, వెనుక క్యాసెట్‌లో (గేర్ల పళ్లచక్రాల గుత్తిలో) 42 పళ్ల పెద్ద చక్రం ఉండటంతో, వంతెనల వైపు ఎక్కే వదులు కంకర ఎక్కుళ్లపై పెడల్ మీద నిలబడకుండా, కూర్చునే తొక్కగలిగాను. నిలబడితే వెనుక చక్రం మీది బరువు తగ్గి అది జారిపోతుంది.

ఏ దిశలో తిరగాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రోజంతటినీ మార్చేస్తుంది. వాహనాలు ఎడమవైపు నడిచే దేశాల్లో అపసవ్య దిశలో, కుడివైపు నడిచేచోట సవ్య దిశలో తిరిగితే సైక్లిస్టు ఎప్పుడూ నీటివైపే ఉంటాడు, అతనికీ నీటికీ నడుమ వాహనాలు ఉండవు. దీనికి గాలిని కూడా కలిపి ఆలోచించాను. ఎండ ఎక్కేకొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది, అక్కడి గాలి పైకి లేస్తుంది, నీటి మీది చల్లని గాలి ఒడ్డు వైపు కదులుతుంది. తెల్లవారుజామున అద్దంలా ఉండే సరస్సు మధ్యాహ్నానికి అలలు వేయడానికి ఒక కారణం ఇదే. ఆ ప్రాంతంలో సాధారణంగా గాలి ఎటునుంచి వీస్తుందో చూసుకుని, ఎదురుగాలి తగిలే బట్టబయలు భాగం ఉదయం ముగిసేలా, చెట్లున్న భాగం మధ్యాహ్నానికి మిగిలేలా బయలుదేరే చోటును జరిపాను. ఒడ్డు స్వభావం కూడా గాలిని బట్టే ఉంటుంది. అలలు వచ్చి కొట్టే ఒడ్డున సన్నని మట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు మిగులుతాయి, గాలి మరుగున ఉన్న ఒడ్డున ఒండ్రు పేరుకుని రెల్లు పెరుగుతుంది. ఆ రెల్లు వైపు బాటలను నేను ముట్టుకోలేదు. అక్కడ పక్షులు గూళ్లు పెడతాయి, మెత్తని నేల మీద ఒక్క టైరు చేసిన గాడి కూడా చాలాకాలం చెరగదు.

తొక్కేటప్పుడు నన్ను ఎక్కువగా పరీక్షించినది వాష్‌బోర్డ్, అంటే దారికి అడ్డంగా వరుసగా పడిన చిన్న గట్లు. వదులు కంకర మీద చక్రం ఒక వేగం దాటి దొర్లితే చాలు, ఇవి వాటంతటవే పుడతాయి. చిన్న ఎగుడు మీద కాస్త లేచిన చక్రం దిగినచోట గుంట చేస్తుంది, తర్వాత వచ్చే చక్రం ఆ గుంటను లోతు చేస్తుంది. వాహనాలు బ్రేకు వేసే మలుపుల ముందు, ఊపు తీసుకునే ఎక్కుళ్ల అడుగున ఇవి దట్టంగా ఉంటాయి. నేను అలాంటిచోట్ల బాట అంచుకు జరిగి, ఒక గేరు బరువు పెంచి, మోచేతులు వదులుగా ఉంచి, సీటు నుంచి కొద్దిగా లేచి దాటాను. మలుపుల్లో మాత్రం చక్రాలు నలిపి గట్టిచేసిన గీతను వదలకూడదు. అంచున పేరుకున్న వదులు కంకరలో ముందు బ్రేకు వేస్తే బైక్ అదుపు తప్పుతుంది.

చుట్టు పూర్తయ్యాక, రికార్డయిన జీపీఎక్స్ ఫైలును (నేను వెళ్లిన దారి జాడను) పటం మీద పెట్టి, పైపొర వివరం లేకుండా ఉన్న ప్రతి ముక్కకూ నేను చూసినదాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చాను: ఎక్కడ సన్న కంకర, ఎక్కడ ముతక కంకర, ఏ బండి బాటకు 3వ శ్రేణి, ఏదానికి 4వది. వాన కురిసిన మర్నాడు ఎలా ఉంటాయో చూడకుండా శ్రేణి నిర్ణయించలేననిపించిన రెండు జిగట మట్టి బాటలను మాత్రం ఖాళీగా వదిలి, ఈసారి వాటి మీదుగా ఎదురు దిశలో వెళ్లడానికి ఇంకో ఫైలు గీసి పెట్టుకున్నాను.