ఐబీఎస్‌కు హిప్నోథెరపీ: ఆ గదిలో జరిగేది ఇదీ

నాది ఐబీఎస్‌ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగులో పుండూ వాపూ ఏమీ కనపడకపోయినా నొప్పి, విరేచనాల తేడా పెట్టే జబ్బు)లో విరేచనాల రకం. తిన్న కాసేపటికే పొట్ట మెలిపెట్టడం, దొడ్డికి వెళ్లొస్తే కొంచెం తెరిపి, మళ్లీ మామూలే. పేగు పట్టేయడాన్ని తగ్గించే మెబెవెరిన్ మాత్రలు, తిండిలో మార్పులు సగమే పనిచేశాయి. మిగతా సగం కోసం గ్యాస్ట్రో డాక్టరు (పొట్ట, పేగుల డాక్టరు) హిప్నోథెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. రోగం నా బుర్రలో ఉందంటున్నారా అన్న ఉక్రోషం ఇక్కడ ఎవరికైనా వస్తుంది. సంగతి అది కాదు. ఐబీఎస్‌లో పేగు నరాలు మామూలు గ్యాసును, మామూలు కదలికను కూడా నొప్పిగా పైకి పంపుతాయి. మెదడు దాన్ని ఇంకాస్త పెంచుతుంది. ఆ కంగారు మళ్లీ పేగుకే దిగుతుంది. హిప్నాసిస్ పట్టుకునేది ఈ రాకపోకలనే.

అయితే ముందు పరీక్షలు కావాలి: రక్తపరీక్ష, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ, సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు) కోసం టీటీజీ, పేగు వాపును పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ మలంలో ఉందేమో. మలంలో రక్తం పడుతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా, ముందు డాక్టరు ఆ కారణమేమిటో తేల్చాల్సిందే.

ఈ పద్ధతి పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్. ఏ మందుకూ లొంగని 30 మంది రోగుల మీద వచ్చిన ఫలితాలను డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం 1984లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. మాంచెస్టర్ పద్ధతిలో సుమారు 12 వారాలు, వారానికో సెషన్, ఊహాచిత్రాన్ని (రోగి కళ్లు మూసుకుని మనసులో చూసే బొమ్మను) రోగికి తగ్గట్టు మలుస్తారు. అమెరికాలోని నార్త్ కరోలినా పద్ధతిలో రెండు వారాలకొకటి చొప్పున 7 సెషన్లు. రాసిపెట్టిన పాఠాన్ని మాట పొల్లు పోకుండా చదువుతారు. మా సైకాలజిస్టు సెషన్ల లెక్క రెండోదాని నుంచి, ఊహాచిత్రం మొదటిదాని తీరులో తీసుకున్నారు. నాకు నప్పింది అదే.

మొదటిసారి హిప్నాసిస్ ఉండదు. లక్షణాలకు మార్కులు వేస్తారు: నొప్పి, ఉబ్బరం, విరేచనాల తీరు, రోజువారీ పనికి ఎంత అడ్డు, అన్నీ కలిపి 500కి. 300 దాటితే తీవ్రం, 175 లోపు స్వల్పం, 75 లోపు దాదాపు నెమ్మదించినట్టు. 50 తగ్గినా లెక్కలోకి వచ్చే మార్పే.

ఆ తర్వాత సెషన్ ఇలా నడుస్తుంది. కుర్చీలో వెనక్కి వాలి ఒక చోట చూపు నిలపాలి. రెప్పలు బరువెక్కితే మూసేయొచ్చు. ఊపిరి తీసుకునేదాని కంటే వదిలేది పొడుగ్గా ఉండాలి. పాదాల నుంచి నుదుటి దాకా కండరాలు ఒక్కొక్కటే వదులు చేయాలి. పది మెట్లు దిగుతున్నట్టు లెక్క. అప్పుడు అరచేయి పొట్ట మీద పెట్టి, వెచ్చదనం లోపలికి ఇంకుతున్నట్టు ఊహించాలి. అసలు పని ఆ తర్వాతే: పేగు కదలికను మీకు తెలిసిన నీటిగా చూడాలి. మలబద్ధకం వాళ్లు దాన్ని పారిస్తారు, నాలాంటివాళ్లు నెమ్మదింపజేస్తారు. రెడీమేడ్ ఆడియోల్లో అడవి సెలయేరు ఉంటుంది. అది నాకు అంటలేదు. పంట కాలువ, లాకు దగ్గర షట్టరు ఒక్కో అంగుళం దించడం, దిగువన నీళ్లు తేటబడటం, ఇది అంటింది. చివర ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి కళ్లు తెరవాలి. ఇదంతా జరుగుతున్నప్పుడు బయట హారన్ వినపడుతూనే ఉంటుంది, లేచిపోవాలంటే లేచిపోవచ్చు. స్టేజీ మీద చూపే తమాషాకూ దీనికీ పొత్తు లేదు.

చెడేది ఎక్కువగా ఇంటి దగ్గరే. రోజూ 15–20 నిమిషాలు ఆడియో వినాలి. మానేస్తే సెషన్ ప్రభావం నిలవదు. మంచం మీద వింటే నిద్ర పడుతుంది, కుర్చీ మేలు. భోజనం కాగానే కూర్చుంటే పేగు సద్దు మీదికే మనసు పోతుంది. పనిచేస్తోందా లేదా అని మధ్యలో పొట్టను తడుముకుంటూ ఉంటే కూడా పట్టు తప్పుతుంది. బొమ్మ కళ్లకు కట్టనివాళ్లు వేడి, బరువు, నీటి చప్పుడు వాడుకోవచ్చు. బండి నడుపుతూ మాత్రం వినకూడదు. సైకోసిస్ ఉన్నవాళ్లకు ఇది తగదు. మూర్ఛ ఉన్నా, మానని పెద్ద మానసిక గాయం ఉన్నా ముందే చెప్పాలి.

ఫలితం వెంటనే కనపడదు. మొదట కంగారు తగ్గుతుంది, ఆ తర్వాత నొప్పి, చివరికి విరేచనాలు: నా వరుస ఇది, అందరికీ ఇలాగే ఉండాలని లేదు. కొందరికి అసలే పనిచేయదు. మన దగ్గర ఇది చేసేవాళ్లు తక్కువ. వారాంతపు సర్టిఫికెట్‌తో హిప్నోథెరపిస్టు బోర్డు పెట్టినవాళ్లు మాత్రం బోలెడు. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, ఐబీఎస్ రోగులను చూశారా, ఈ రెండూ అడగాలి. ఒక్క సిట్టింగ్‌లో నయం చేస్తానంటే లేచి రావడమే.

ఇప్పుడు నా స్కోరు తీవ్రం నుంచి స్వల్పానికి దిగింది. ఉబ్బరం పూర్తిగా పోలేదు. మాత్ర జేబులో ఉంటుంది, అవసరం అరుదు. ఆడియో వారానికి ఒకటి రెండుసార్లు వింటాను, ఆఫీసు ఒత్తిడి పెరిగితే మళ్లీ రోజూ. రాత్రి నిద్రలేపే విరేచనాలో రక్తమో కొత్తగా కనిపిస్తే ఆడియో పక్కన పెట్టి నేరుగా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికే.